ఢిల్లీలో మొదటి చలికాలం: నెల్లూరు నుంచి వెళ్లేవాళ్లు ఇల్లు ఎలా సర్దుకోవాలి

మాది నెల్లూరు జిల్లా కావలి. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడికి బయల్దేరితే అమ్మ భుజాల మీద వేసే శాలువా, అంతవరకే నాకు తెలిసిన చలి. ఎనిమిదింటికల్లా ఎండ వచ్చేది, శాలువా దండెం మీదికి పోయేది. నెల్లూరులో జనవరి రాత్రి 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఇంకో రెండు డిగ్రీలు దిగిందంటే ఊరంతా మంకీ క్యాపులే. అలాంటి ఒంటితో, ఒక పల్చటి స్వెట్టర్‌తో, ఉద్యోగంలో చేరడానికి డిసెంబర్ మూడో వారంలో ఢిల్లీలో జీటీ ఎక్స్‌ప్రెస్ దిగాను. ఆ మొదటి నెలలో చేసిన తప్పులన్నీ చేశాక మిగిలిన జ్ఞానం ఇది. మీరో, మీ పిల్లలో ఈ ఏడాది ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్ వైపు వెళ్తుంటే పనికొస్తుంది.

ముందు అక్కడి చలి ఎలాంటిదో చూడండి

మనకు పక్కనే సముద్రం ఉంది. పగటి వేడిని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది కాబట్టి మన రాత్రులు మరీ చల్లబడవు. ఢిల్లీకి ఆ అండ లేదు. పైగా హిమాలయాల మీద మంచు కురిసిన ఒకటి రెండు రోజులకు గాలి అటునుంచి తిరుగుతుంది. జనవరిలో సగటు కనిష్ఠం 7, 8 డిగ్రీలు. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 4కు దిగితే వాతావరణ శాఖ చలిగాలులుగా లెక్కేస్తుంది. 2021 జనవరి 1న ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 1.1 డిగ్రీలు నమోదైంది.

అయినా మనవాళ్లను దెబ్బతీసేది ఈ అంకె కాదు, ఇల్లు. అక్కడి ఇళ్లు కూడా మన ఇళ్లలాగే ఎండాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. మే నెలలో 45 చూసే ఊరు మరి. పాలరాతి నేల, ఒంటి అద్దం కిటికీలు, తలుపు కింద వేలు దూరేంత సందు. అమెరికాలో ఉన్న మన బంధువుల ఇళ్లలోలాగా ఇల్లంతా వేడిగా ఉంచే ఏర్పాటేమీ ఉండదు. పొగమంచు పట్టిన రోజు మధ్యాహ్నం రెండింటికి కూడా 15 డిగ్రీలు దాటకపోవచ్చు. ఎండ కాసిన రోజయితే బయట హాయిగా ఉంటుంది, ఇంట్లోకి అడుగు పెడితే మాత్రం వణుకు. అందుకే అక్కడ ఆడామగా అందరూ కుర్చీలు మోసుకుని డాబా ఎక్కేస్తారు. మొదట్లో పనీపాటా లేని జనం అనుకున్నాను. వారం తిరక్కుండా నేనూ కుర్చీ కొన్నాను.

ఏసీకి అలవాటు పడినవాళ్లం కాబట్టి మనకు తోచే ఆలోచన ఒకటే: గది మొత్తం చల్లబరిచినట్టు గది మొత్తం వేడి చేద్దామని. ఆ ఇళ్లలో అది చిల్లికుండలో నీళ్లు పోయడమే. ముందు ఒళ్లు, తర్వాత పక్క, తర్వాత తలుపుల సందులు, అన్నిటికీ చివర హీటర్. నేనూ ఆ వరసలోనే చెబుతాను.

1. ఒళ్లు

వెళ్లే తేదీ మీ చేతిలో ఉంటే అక్టోబర్‌లో వెళ్లండి. చలి మెట్టు మెట్టుగా దిగుతుంటే ఒళ్లు కూడా దానితోపాటు సర్దుకుంటుంది. నాలాగా 28 డిగ్రీల నుంచి నేరుగా 6 డిగ్రీల్లోకి దూకకండి.

బట్టలన్నీ నెల్లూరులోనే కొనాలని ట్రంకు రోడ్డు షాపులన్నీ తిరగొద్దు. మన దగ్గర దొరికే స్వెట్టర్లు మన చలికి తగ్గవి. ప్రయాణానికి సరిపడా ఒక జత థర్మల్ ఇన్నర్లు, ఒక మంచి జాకెట్, రెండు జతల మందపాటి సాక్సులు ఉంటే చాలు. మిగతావి అక్కడే కొనుక్కోండి. ఉన్ని బట్టలకు పేరున్న లూధియానా సరుకు ఢిల్లీ బజార్లకు దగ్గర, రకాలు ఎక్కువ, ధర కూడా నయం.

వేసుకునే పద్ధతి ముఖ్యం. ఒకే మందపాటి స్వెట్టర్ కంటే మూడు పల్చటి పొరలు మేలు, ఎందుకంటే పొరకూ పొరకూ మధ్య నిలిచిన గాలే వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. ఒంటికి అంటుకునేలా థర్మల్, దాని మీద చొక్కా లేదా పల్చటి స్వెట్టర్, బయటికి వెళ్తే గాలి దూరని జాకెట్. థర్మల్ కింద మన కాటన్ బనియన్ వేసుకోకండి. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, మెట్రో దిగి బయటికి రాగానే ఆ తడే వీపు మీద ఐసుగడ్డలా తగులుతుంది.

ఇంట్లో చెప్పులు వేసుకోవడం మనకు ఎబ్బెట్టుగా ఉంటుంది. నేనూ పది రోజులు పంతం పట్టాను. పాలరాయి మీద ఒట్టి కాళ్లతో నడిస్తే ఆ చలి మోకాళ్ల దాకా పాకుతుంది. ఇంట్లో మాత్రమే వాడే మెత్తటి చెప్పులు ఒక జత కొనుక్కుని దేవుడి గది బయట విప్పండి, సరిపోతుంది.

పెదాలకు వ్యాజిలిన్, మడమలకు గ్లిజరిన్ నవంబర్ నుంచే మొదలుపెట్టండి, పగిలాక కాదు. కొబ్బరినూనె 24 డిగ్రీల లోపు గడ్డ కడుతుంది కాబట్టి అక్కడ మూడు నెలల పాటు సీసాలో రాయిలా ఉంటుంది. వెడల్పు మూత డబ్బాలో పోసుకుంటే స్పూనుతో గీక్కోవచ్చు. దాహం వేయదు కానీ నీళ్లు తాగడం మానొద్దు.

2. పక్క

రాత్రి గెలిస్తే సగం చలి గెలిచినట్టే. దీనికి అక్కడివాళ్ల ఆయుధం రజాయి, అంటే దూది కూరిన మందపాటి బొంత. దూది ఏకి, కొలతకు కుట్టి ఇచ్చే దుకాణాలు ప్రతి పేటలోనూ ఉంటాయి. ఒక్కరికయితే సింగిల్ తీసుకోండి, డబుల్ తీసుకుంటే ఆ ఖాళీ అంతా మీ ఒంటి వేడితోనే నిండాలి. పైన కప్పుకోవడమే కాదు, కింద కూడా ఒక కంబళి పరవండి. పరుపు కూడా చల్లగానే ఉంటుంది, ఆ సంగతి చాలామందికి తట్టదు.

మొదటి రాత్రి రజాయిలో దూరితే తడి బనియన్ వేసుకున్నట్టు ఉంది. పది నిమిషాలు ముడుచుకుని పడుకుంటే తప్ప అది వెచ్చబడదు, దాని సొంత వేడి ఏమీ ఉండదు కదా. దీనికి రెండు మార్గాలు. ఒకటి, వేడినీళ్ల రబ్బరు సంచి. పడుకోబోయే ముందు పాదాల దగ్గర పెట్టేయండి. మరిగే నీళ్లు పోయకండి, మూత బిగించాక తలకిందులు చేసి చూడండి. రెండోది, పక్క మీద పరిచే ఎలక్ట్రిక్ దుప్పటి. ఇది మొత్తం మీద పాత వంద వాట్ల బల్బంత కరెంటే తీసుకుంటుంది, అంటే గంటకు యూనిట్‌లో పదో వంతు. అరగంట ముందు వేసి, పడుకునేటప్పుడు ఆపేయండి. మడత పెట్టి వాడొద్దు, తడవనీయొద్దు, పసిపిల్లల పక్కలో అసలు వద్దు.

హీటర్ కంటే ముందు నేను ఈ దుప్పటి కొని ఉంటే మొదటి నెల కరెంటు బిల్లు చూసి ఉలిక్కిపడేవాణ్ణి కాదు.

3. సందులు

ఒక ఆదివారం పొద్దున అగరువత్తి వెలిగించి తలుపులు, కిటికీల అంచుల వెంబడి తిప్పండి. పొగ ఎక్కడ పక్కకు తోసుకుపోతుందో అక్కడ గాలి దూరుతోంది. హార్డ్‌వేర్ షాపులో ఫోమ్ టేపు దొరుకుతుంది, కిటికీ చట్రానికి అంటించండి. తలుపు కింద సందుకు పాత చీరను తాడులా చుట్టి అడ్డం పెడితే చాలు. ఏసీ కోసం గోడకు కొట్టిన బెజ్జం, కూలర్ కోసం తీసిన కిటికీ అద్దం, ఈ రెండూ అద్దె ఇళ్లలో తప్పకుండా ఉంటాయి. అట్టముక్క, టేపుతో మూసేయండి.

కర్టెన్లు మందంగా, నేల దాకా ఉండాలి. దక్షిణం వైపు కిటికీ ఉంటే పగలు ఎండ ఉన్నంతసేపూ తెరిచి, నాలుగున్నరకల్లా మూసేయండి. అద్దెకు ఇల్లు చూసేటప్పుడే దక్షిణం ఎండ పడుతుందా అని అడగండి. మనం తూర్పు వాకిలి కోసం వెతుకుతాం, అక్కడ జనవరిలో అసలు విలువ దక్షిణం కిటికీది. నేల మీద మంచం పక్కన ఒక దరీ, అంటే జంపఖానా, పరిస్తే పొద్దున మొదటి అడుగు వేయడానికి భయం ఉండదు.

ఒక్క మాట. గదిని సీసా మూతలా బిగించొద్దు. ఎందుకో ఐదో అంశంలో చెబుతాను.

4. హీటర్

ఇప్పుడు హీటర్ కొనండి. ఇల్లు మొత్తానికి కాదు, సాయంత్రం అందరూ కూర్చునే ఒక్క గదికి. చదరపు అడుగుకు పది వాట్లు అనేది మోటు లెక్క. పదికి పన్నెండు గది అంటే 1200 వాట్లు.

రాడ్ హీటర్, హాలోజన్ హీటర్ ఎర్రగా వెలుగుతూ ఎదురుగా ఉన్నవాళ్లను మాత్రమే వేడి చేస్తాయి. గాలిని పెద్దగా వేడి చేయవు. చదువుకునే పిల్లాడి పక్కన, పూజ చేసుకునే అమ్మ పక్కన బాగా పనికొస్తాయి. ధర తక్కువ. కానీ రజాయి, కర్టెన్, చీర కుచ్చిళ్లు కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. రాత్రి వెలిగించి నిద్రపోకూడదు.

బ్లోయర్‌లో ఫ్యాన్ ఉంటుంది. ఐదు నిమిషాల్లో చిన్న గది వేడెక్కుతుంది, ఆపిన ఐదు నిమిషాలకే మళ్లీ చల్లబడుతుంది. మోత ఉంటుంది, గాలి పొడిబారి గొంతు గరగరలాడుతుంది. పిల్లలకు స్నానం చేయించాక ఒళ్లు తుడిచేటప్పుడు దీన్ని మించింది లేదు.

ఆయిల్ హీటర్ చూడటానికి ఇనుప రెక్కల వరసలా ఉంటుంది. లోపలి నూనె మండదు, తరగదు, కరెంటు వేడిని పట్టి ఉంచడానికే. వేడెక్కడానికి అరగంట పడుతుంది, ఆపాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న పడకగదికి నా ఓటు దీనికే. ఖరీదు ఎక్కువే. తడిబట్టలు దాని మీద ఆరేయాలని చెయ్యి దురద పెడుతుంది, వద్దు.

హాట్ అండ్ కోల్డ్ ఏసీ కొనే స్తోమత ఉంటే కరెంటు విషయంలో అన్నిటికంటే పొదుపు అదే. మిగతావి ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తాయి. ఇది బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి లాగుతుంది కాబట్టి యూనిట్‌కు దాదాపు మూడింతలు ఇస్తుంది. నెల్లూరు నుంచి పాత ఏసీ లారీలో వేసుకెళ్లి దాంతోనే వేడి చేద్దామనుకోకండి, మన ఏసీల్లో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి రెక్కలు కిందికి తిప్పి పెట్టాలి.

ఖర్చు లెక్క సులువు. 2000 వాట్ల హీటర్ ఆగకుండా గంట వెలిగితే 2 యూనిట్లు. రోజుకు ఐదు గంటలయితే 10, నెలకు 300. థర్మోస్టాట్ ఉంటే గది వేడెక్కాక ఆగి ఆగి వెలుగుతుంది, ఇంకొంచెం తగ్గుతుంది. దాన్ని 18, 20 దగ్గర పెట్టండి. 26 పెట్టుకుని బనియన్ మీద కూర్చోవాలనుకుంటే బిల్లు కట్టడానికీ సిద్ధంగా ఉండండి.

ఇక ప్లగ్ గురించి, ఇది నా సొంత కథ. వచ్చిన నాలుగో రోజు ఒక చవక రాడ్ హీటర్ తెచ్చి, మంచం దాకా వైరు అందక ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టాను. అదే బాక్సులో ఫోన్ చార్జర్, ల్యాప్‌టాప్. రాత్రి పదింటికి చేపలు మాడినట్టు వాసన. పక్కింట్లో వండుతున్నారనుకున్నాను. చూస్తే తెల్లటి బాక్సు మధ్యలో గోధుమరంగు మచ్చ, ముట్టుకుంటే వేలికి అంటుకునేంత మెత్తగా ఉంది. ఇంకో పది నిమిషాలు నిద్రపోయి ఉంటే రజాయి అంటుకునేది. 2000 వాట్ల హీటర్ దగ్గర దగ్గర 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ చార్జర్లు పెట్టే చిన్న ప్లగ్ 6 ఆంపియర్లకే. హీటర్‌ను నేరుగా గోడకున్న 16 ఆంపియర్ల పెద్ద పవర్ ప్లగ్‌లోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు మాటే వద్దు. మంచాన్ని ప్లగ్ దగ్గరికి జరపండి, ప్లగ్‌ను మంచం దగ్గరికి లాగకండి. ఇంటికి ఎన్ని కిలోవాట్ల లోడు ఉందో ఓనర్‌ను అడిగి తెలుసుకోండి. గీజర్, హీటర్, ఇస్త్రీపెట్టె ఒకేసారి వేస్తే ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్, పడిపోతుంది. పడిందంటే అది తన పని తాను చేసిందన్నమాట, పెద్ద ఎంసీబీ వేయించి దాని నోరు మూయించకండి.

5. కుంపటి లోపల పెట్టొద్దు

ప్రతి చలికాలం అటువైపు పేపర్లలో ఇలాంటి వార్త వస్తుంది: గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు పొద్దున లేవలేదని. బొగ్గు, కట్టె, గ్యాసు ఏది మండినా గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, తర్వాత మత్తు. నిద్రలో ఉన్నవాళ్లకు ఇవేవీ తెలియవు. పొగ కనిపించకపోతే ప్రమాదం లేదనుకోవడం తప్పు, నిప్పుకణికలు ఎర్రగా ఉన్నప్పుడే ఇది ఎక్కువ.

బాత్రూమ్ లోపల బిగించిన గ్యాస్ గీజర్‌దీ ఇదే కథ. అద్దె ఇంట్లో అలా ఉంటే బయటికి మార్పించమని ఓనర్‌తో గట్టిగా చెప్పండి, మార్పించేదాకా బకెట్ నింపుకుని గీజర్ ఆపేసి, తలుపు తీసి ఉంచి, తర్వాతే స్నానానికి వెళ్లండి. కరెంటు హీటర్ ఆక్సిజన్ తినేస్తుందని కొందరు అంటారు, అది నిజం కాదు. అందులో ఏదీ మండదు. అయినా నలుగురు పడుకునే గదిలో గాలి మారాలి కాబట్టి పైన వెంటిలేటర్ కాస్త తెరిచే ఉంచండి.

కుంపటి సరదా తీరాలంటే జనవరి 13న వీధిలోకి వెళ్లండి. అక్కడివాళ్ల లోహ్రీ, మన భోగి దాదాపు ఒకేసారి వస్తాయి. మంట చుట్టూ తిరిగి పల్లీలు, రేవడీలు (నువ్వుల మిఠాయి) విసురుతారు. పాత సామాన్లు వేస్తే వింతగా చూస్తారు కానీ ఏమీ అనరు.

6. స్నానం, వంట

15 లీటర్ల గీజర్ 2000 వాట్లది అయితే పది డిగ్రీల నీళ్లు బాగా వేడెక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అందుకని రాత్రంతా ఆన్‌లో ఉంచడం దండగ. బకెట్‌లో పెట్టే రాడ్ అయితే స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్ బయటికి తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. ఆ వరస ఇంట్లో చిన్న పిల్లలకు కూడా బట్టీ పట్టించండి.

ఇక మన ప్రాణం లాంటి సమస్య, దోశ పిండి. మేలో కావలిలో సాయంత్రం రుబ్బితే రాత్రి పదికే పొంగి గిన్నె దాటే పిండి, ఢిల్లీ వంటింట్లో రెండు రోజులైనా కదలదు. నేను కారం దోశ మీద ఆశ వదులుకుని బ్రెడ్డుకు దిగాను. అమ్మ ఫోన్లో "దానిక్కూడా దుప్పటి కప్పు నాయనా" అంది. ఎగతాళి అనుకున్నాను, అదే మందు. నానబెట్టేటప్పుడు ఒక చెంచా మెంతులు ఎక్కువ వేయండి. గోరువెచ్చటి నీళ్లతో రుబ్బి, చేత్తో బాగా కలపండి. గిన్నెను వేడినీళ్లు పోసిన పెద్ద గిన్నెలో దించి, మూత పెట్టి, మొత్తాన్ని పాత కంబళిలో చుట్టి ఉంచండి. పడుకునే ముందు ఒకసారి నీళ్లు మార్చండి. ఓవెన్ ఉంటే దాన్ని వేడి చేయకుండా లోపలి బల్బు మాత్రం వేసి ఉంచినా పని అవుతుంది. ఎనిమిది గంటలకు బదులు పదహారు, ఇరవై గంటలు పడుతుందని ముందే లెక్క వేసుకోండి. పెరుగు కూడా అంతే, తోడు కాస్త ఎక్కువ వేసి హాట్‌కేస్‌లో పెట్టండి.

7. అమ్మానాన్నల టికెట్

ఎదిగిన పిల్లలు చలికి తట్టుకుంటారు, చంటిపిల్లలతో, పెద్దవాళ్లతోనే జాగ్రత్త. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. గుండె, బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు బయల్దేరే ముందే తమ డాక్టర్‌తో మాట్లాడాలి, తెల్లవారుజాము నడక మానేసి ఎండెక్కాక నడవాలి. అసలు డిసెంబర్ 20 నుంచి జనవరి నెలాఖరు దాకా వాళ్లను పిలవొద్దు. కశ్మీర్‌లో చిల్లై కలాన్ అనే నలభై రోజుల గట్టి చలికాలం ఇంచుమించు అదే, ఢిల్లీకి కూడా గడ్డు రోజులు. పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యం అవుతాయి. దీపావళి తర్వాత కొన్ని వారాలు గాలి పొగచూరి ఉంటుంది, ఆయాసం ఉన్నవాళ్లకు అదీ మంచిది కాదు. ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి నెలాఖరు వరకు బంగారం లాంటి రోజులు. అప్పటికి టికెట్ తీయండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అంటారు. కావలిలో అది ఊరికే అనే మాట, ఢిల్లీలో మాత్రం ఇంచుమించు నిజం. ఆ వారంలో రజాయిని రెండు పూటలు ఎండలో వేసి, కలరా ఉండలు వేసి ట్రంకు పెట్టెలో పెట్టండి. హీటర్ దుమ్ము తుడిచి పాత దిండు గలీబు తొడగండి. తుడవకుండా అటక ఎక్కిస్తే మళ్లీ నవంబర్‌లో మొదటిసారి వేసినప్పుడు దుమ్ము కాలిన కంపు వస్తుంది. అద్దె ఇల్లయితే ఫోమ్ టేపు కూడా అప్పుడే పీకేయండి. మే ఎండకు జిగురు కరిగి చట్రానికి అతుక్కుపోతే, ఆ మరక పేరు చెప్పి ఓనర్ అడ్వాన్సులో కోస్తాడు.